నక్షత్రం కోసం ట్రంకాల్

వీధిలో ఆమెని అందరూ హలో పిన్ని అనేవాళ్లు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరిన రెండో ఏడాదికే ఆ పేరు స్థిరపడిపోయింది. వెనకనుంచి ఎవరైనా పిలిస్తే "ఎవరూ" అనాల్సింది పోయి "హలో" అనేది. కూరగాయల దుకాణం దగ్గరా అంతే, ఇంట్లో భర్త పిలిచినా అంతే. భర్త టైలరు. వీధివైపు గదిలో మిషను వేసుకుని కుట్టేవాడు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. "మా ఆవిడకి కోపమొస్తే లైను కట్ చేస్తుంది, బతిమాలితే మళ్లీ కలుపుతుంది" అని వచ్చిన ప్రతి గిరాకీకీ చెప్పేవాడు. ఆమె లోపలినుంచి వింటూ నవ్వుకునేది.

ఎక్స్ఛేంజి గది పొడుగ్గా, రైలు పెట్టెలా ఉండేది. వరసగా ఆరు బోర్డులు, ఆరు ఎత్తు కుర్చీలు. బోర్డు నిండా చిల్లులు, ఒక్కో చిల్లు ఒక్కో ఇల్లు. కింద అరలోంచి బట్ట చుట్టిన తీగలు వేలాడేవి. చిన్న దీపం వెలిగితే ఈ తీగ ఆ చిల్లులో గుచ్చి, "నంబరు చెప్పండి" అనాలి. ఎదురుగోడకి పళ్లెమంత గడియారం. దాని సెకన్ల ముల్లు ప్రతి సెకనుకీ టక్కుమని ఆగి, మళ్లీ కదిలేది. పొద్దున్నే రేడియో సిగ్నలుకి దాన్ని సరిచేసే పని హలో పిన్నిది. ఆ గదికి పెద్ద సూపర్‌వైజరమ్మ. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. వేరే ఊరి ట్రంకాల్ కలిపాక అవతలివాళ్లు మాట్లాడుతున్నారో లేదో ఒక్కసారి విని, వెంటనే తప్పుకోవాలన్నది ఆవిడ పెట్టిన శాసనం. హలో పిన్ని ఆ శాసనాన్ని ఒక రోజు దాటింది.

ఆ రోజు దక్షిణాన తొంభై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరినుంచి కాల్ వచ్చింది. మందుల షాపాయన ఒకాయన, ఈ ఊళ్లో రిటైరైన లెక్కల మాస్టారితో మాట్లాడాలన్నాడు. ఆమె కలిపింది. తప్పుకుందామని మీట మీద వేలు పెట్టింది కూడా.

"రేపు సాయంత్రం ఏడూ పద్దెనిమిదికి ఆరిపోతుంది మాస్టారూ. ఇప్పుడే కబురొచ్చింది."

"ఎంతసేపు?"

"ఏడు సెకన్లు. అంతకంటే ఉండదు."

"సరే. నేను పక్కనే ఉంటాను. కన్ను తిప్పను."

"మీ దగ్గర కాకపోతే నా దగ్గర ఆరిపోతుంది. ఇద్దరిలో ఒకరికి తప్పదు."

హలో పిన్ని తప్పుకోలేదు. వేలు మీట మీదే ఉండిపోయింది. ఆరిపోయేది ఎవరి ప్రాణం? సెకన్లతో సహా ముందే ఎలా తెలిసింది? ఇద్దరిలో ఒకరికి తప్పదంటే ఏమిటి? ఇంటికెళ్లి భర్తకి చెప్పింది. ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ విన్నాడు. "విన్నది నీ తప్పు. విన్నాక ఊరుకుంటే అది ఇంకో తప్పు. పొద్దున్నే వెళ్లి చూసిరా" అన్నాడు. ఎప్పుడూ వేళాకోళమాడే మనిషి అలా అనేసరికి ఆమెకి ఇంకా భయమేసింది.

మర్నాడు డ్యూటీకి ముందు మాస్టారి ఇంటికెళ్లింది. ఫోను సరిగా పనిచేస్తోందో లేదో చూడ్డానికి వచ్చానని అబద్ధం సిద్ధంగా పెట్టుకుంది. ఆయన భార్య పోయి చాలా ఏళ్లయింది, ఒక్కడే ఉంటాడు. తలుపు తీసే ఉంది. పిలిస్తే డాబా మీదనుంచి పలికాడు. పైకెళ్తే, సన్నగా పొడుగ్గా ఉన్న మనిషి, మోకాళ్ల మీద కూర్చుని, జానెడు వెడల్పున్న రేకు గొట్టాన్ని పాత పంచెతో తుడుస్తున్నాడు.

"ఎవరికీ ఏమీ కాలేదు కదండీ?" అనేసింది ఆమె. అబద్ధం గొంతులోనే ఆగిపోయింది.

ఏం విందో, ఏమనుకుందో చెప్పింది. మాస్టారు గొట్టాన్ని పట్టుకుని భుజాలు కదిలేలా నవ్వాడు. గోడ పక్కకి రమ్మని, రోడ్డుకి అవతలి దీపస్తంభం చూపించాడు.

"రాత్రిపూట అది వెలుగుతుంటే మధ్యలోంచి బస్సు వెళ్లిందనుకో. ఏమవుతుంది?"

"దీపం కాసేపు కనపడదు."

"బస్సు లైట్లు వేసుకోలేదు. నల్లటి బస్సు. నీకది కనపడనే కనపడదు. దీపం ఎంతసేపు ఆరిందో చూసి బస్సు పొడవు చెప్పగలవా?"

ఆమె ఆలోచించింది. "ఎంత జోరుగా పోతోందో తెలిస్తే చెప్పొచ్చు."

"ఆ మాట అనడానికి నా క్లాసులో పిల్లలకి ఏడాది పట్టేది" అన్నాడు మాస్టారు.

ఆకాశంలో కొండలంత బండరాళ్లు తిరుగుతుంటాయట. గ్రహశకలాలంటారట. అలాంటిది ఒకటి ఆ సాయంత్రం ఒక నక్షత్రానికి అడ్డం వెళ్తుంది. దాని నీడ భూమి మీద ఒక పట్టీలా పాకుతుంది. ఆ పట్టీలో ఉన్నవాళ్లకి నక్షత్రం కొన్ని సెకన్లు మాయమవుతుంది. పట్టీ బయట ఉన్నవాళ్లకి ఏమీ అవదు. ఒకరికి ఏడు సెకన్లు, పక్క ఊరివాళ్లకి నాలుగు సెకన్లు ఆరితే, ఆ లెక్కలన్నీ ఒకచోట పేర్చి రాయి ఎంతుందో, ఏ ఆకారంలో ఉందో గీయొచ్చు. ఆ రేకు గొట్టం నక్షత్రాలు చూసే టెలిస్కోపట. మందుల షాపాయన కూడా ఇదే పిచ్చివాడట. వాళ్లిద్దరికీ దూరాన ఉన్న ఒక పెద్ద వేధశాలనుంచి ఉత్తరాలొస్తాయట. ఆఖరి నిమిషంలో దారి మారితే మాత్రం ఫోనే గతి.

"అంతా బాగానే ఉంది గానీ, టైమే చిక్కు" అన్నాడు మాస్టారు. "నా రేడియో గరగరలాడుతుంది. ఆయన గడియారానికీ నా గడియారానికీ పొత్తు కుదరదు. చాటుగా విన్నావు కాబట్టి నీకో శిక్ష వేస్తాను. ఇవాళ సాయంత్రం ఇద్దరికీ నువ్వే టైము చెప్పాలి."

అలా మొదలైంది. ఆ సాయంత్రం ఏడూ పదిహేనుకి ఆమె రెండు ఊళ్లనీ ఒకే తీగ మీద కలిపి, మధ్యలో తాను ఉండిపోయి, గోడగడియారం చూస్తూ సెకన్లు చదవడం మొదలుపెట్టింది. మాస్టారు తొమ్మిదేళ్లు ఎదురుచూసి తెచ్చుకున్న ఫోనుని పొడుగాటి తీగతో డాబా మీదకి ఎక్కించుకున్నాడు. రిసీవరు చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఒంటికన్నుతో గొట్టంలోకి చూస్తున్నాడు. అక్కడ మందుల షాపాయనా అంతే. ఆమె ఒక్క చుక్కా చూడలేదు. ఎదురుగా చిల్లుల బోర్డు, పైన ట్యూబులైటు.

మూడు నిమిషాలు దాటాయి. వెనకనుంచి చెప్పుల చప్పుడు. సూపర్‌వైజరమ్మ.

"ఎవరిది ఆ కాల్? పద్యం అప్పజెబుతున్నావేంటి?"

లెక్క ఆపితే అంతా పోతుంది. ఆపకుండా, ఎడమచేత్తో పక్కనున్న రెండో హెడ్‌ఫోను తీసి ఆవిడకిచ్చింది. ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని, చెవికి పెట్టుకుంది. లైన్లో ఇద్దరి ఊపిరి వినపడుతోంది. ముప్పై ఒకటి, ముప్పై రెండు. "పోయింది" అన్నాడు మాస్టారు, మెల్లగా. ఆ మాట పూర్తికాకముందే తొంభై కిలోమీటర్ల అవతలినుంచి ఇంకో గొంతు, "పోయింది." ముప్పై మూడు, ముప్పై నాలుగు. ఎవరూ ఊపిరి తీయడం లేదు. ముప్పై ఆరు దాటాక మందుల షాపాయన, "వచ్చింది." ముప్పై తొమ్మిది దగ్గర మాస్టారు, "వచ్చింది, వచ్చింది."

సూపర్‌వైజరమ్మ హెడ్‌ఫోను కింద పెట్టింది. "ఏం పోయింది? ఏం వచ్చింది?" అని అడిగింది. నెల తర్వాత ఇంకోటి ఉందని కూడా చెప్పాక వెళ్లిపోయింది. మర్నాడు డ్యూటీ చార్టులో, ఆ తేదీ పక్కన హలో పిన్ని షిఫ్టు ఆవిడే మార్చి రాసిపెట్టింది. దాని గురించి నోరెత్తలేదు.

పదకొండేళ్లు సాగింది ఆ ముచ్చట. ఏడాదికి నాలుగైదు సార్లు వాళ్లు ముగ్గురూ లైన్లో కలిసేవాళ్లు. సగంసార్లు మబ్బు. మిగతా సగంలో ముప్పాతిక వంతు ఏమీ జరిగేది కాదు. నక్షత్రం నిక్షేపంలా వెలుగుతూనే ఉండేది. "మాకు పోలేదు" అని రాసి పంపేవాళ్లు. పోలేదన్నా పనికొచ్చేదేనట, నీడ ఎక్కడ ఆగిందో దాన్నిబట్టి తెలుస్తుందట. హలో పిన్నికి మాత్రం ఆ రోజుల్లో ప్రాణం ఉసూరుమనేది.

లెక్క చదవడం కూడా అనుకున్నంత తేలిక కాదు. తొమ్మిది అనడానికి పట్టినంతసేపు ఇరవై తొమ్మిదికి సరిపోదు. ముల్లు టక్కుమన్న క్షణానికి అంకె మొదటి అక్షరం నోట్లోంచి పడాలి, మిగతాది తర్వాత మింగేయొచ్చు అని తేల్చుకుంది. స్టవ్ దగ్గర నిలబడి సాధన చేసేది. భర్త మిషను తొక్కుతూ, "నువ్వు అరవై దాటి లెక్కపెట్టడం మర్చిపోయావోయ్, గుండీలు లెక్కేయమంటే అరవై దగ్గర ఆగి మళ్లీ ఒకటి అంటున్నావు" అనేవాడు. వీధిదీపం వెలుతురు కంట్లో పడుతోందని మాస్టారు బాధపడితే, ఆయన తలమీదనుంచి గొట్టం దాకా కప్పే నల్లబట్ట ముసుగు కుట్టిపెట్టింది కూడా ఈయనే. ఇంటికెళ్లి మరీ మాస్టారి తలకి కొలతలు తీసుకున్నాడు. "చీకట్లో వేసుకునే బట్ట కుట్టడం నా సర్వీసులో ఇదే మొదలు. ఫిటింగు బాలేదని ఎవరూ అనలేరు" అన్నాడు.

మందుల షాపాయనని ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. గొంతు మాత్రం తన సొంతవాళ్ల గొంతంత తెలుసు. జలుబు చేసిందో, షాపులో జనం ఉన్నారో, ఇంట్లో ఏదైనా మాటామాటా వచ్చిందో హలో అన్న తీరుని బట్టి చెప్పేది. ఆయన "ఆపరేటర్ గారూ, తయారేనా?" అనేవాడు. ఆమె "లైన్లోనే ఉన్నానండీ" అనేది. తర్వాతి రోజుల్లో ఆమెకి ఎక్కువగా గుర్తొచ్చింది ఆ రెండు మాటలే. లెక్క మొదలుపెట్టకముందు అర నిమిషం ముగ్గురూ ఏమీ మాట్లాడకుండా, తీగ సన్నగా హోరుమంటుంటే, ఎదురుచూసే ఆ కాస్త నిశ్శబ్దం కూడా.

తర్వాత ఎక్స్ఛేంజికి ఆటోమేటిక్ యంత్రం వచ్చింది. ఎవరి నంబరు వాళ్లే తిప్పుకోవచ్చు, మధ్యలో మనిషి అక్కర్లేదు. ఒక శనివారం మధ్యాహ్నం నలుగురు మనుషులు వచ్చి బోర్డులు విప్పేశారు. తీగలన్నీ నేలమీద కుప్పగా పడ్డాయి. సూపర్‌వైజరమ్మ ఆ కుప్ప పక్కన కుర్చీ వేసుకుని, ఆఖరి మేకు ఊడేదాకా కదల్లేదు. హలో పిన్నిని ఫిర్యాదుల కౌంటరుకి మార్చారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా "మా ఫోను పలకట్లేదు" అనేవాళ్లు ఎదురుగా నిలబడి అరుస్తుంటే, మనిషి మొహం చూస్తూ మాట్లాడటం ఆమెకి కొత్తగా, కాస్త ఇబ్బందిగా ఉండేది.

మాస్టారు టేప్‌రికార్డరు కొన్నాడు. కొత్త రేడియో సెకనుకోసారి పిప్‌పిప్ అంటుంటే, దాని పక్కనే నోటితో పోయింది, వచ్చింది అని చెప్పి, రెండూ టేపులో పట్టేవాడు. ఆమె అవసరం తీరిపోయింది. పండో పువ్వో పట్టుకుని ఊరికే పలకరించడానికి వెళ్లివచ్చేది.

రెండేళ్లకి మాస్టారికి కళ్లు మసకబారాయి. ఒకరోజు కౌంటరుకే వచ్చి, వరసలో నిలబడి, తన వంతు వచ్చాక చెప్పాడు.

"అమ్మాయ్, ఎల్లుండి తెల్లవారుజామున ఒకటుంది. చుక్క నాకు ఆనడం లేదు. నువ్వు చూడాలి."

"నేనా? నాకేం తెలుసు మాస్టారూ?"

"పదకొండేళ్లు విన్నావు. చూడ్డం ఎంతసేపు?"

తూర్పు ఇంకా తెల్లబడని వేళ, భర్తని వెంటబెట్టుకుని వెళ్లింది. తాను కుట్టిన ముసుగులో భార్య తల దూర్చడం చూసి ఆయన ఏదో అనబోయి, మాస్టారిని చూసి ఊరుకున్నాడు. గొట్టంలో నక్షత్రం ఆమె అనుకున్నదానికంటే చాలా చిన్నది. ఆవగింజ కూడా కాదు, సూదిమొన. సన్నగా వణుకుతోంది. పక్కన రేడియో పిప్‌పిప్ అంటోంది. టేపు తిరుగుతోంది.

పోయింది. చెప్పాపెట్టకుండా, ఎవరో స్విచ్చి ఆర్పినట్టు. అక్కడ నలుపు తప్ప ఏమీ లేదు. ఆమె చూస్తూనే ఉంది. ఇదా, వాళ్లిద్దరూ ఊపిరి బిగబట్టి చూసింది ఇదా అనుకుంటూ ఉంది. మళ్లీ వచ్చింది, అదే చోట, అంతే చిన్నగా.

"అమ్మాయ్, టైము దాటింది. పోలేదా?" అన్నాడు మాస్టారు.

ఆమె ముసుగులోంచి తల బయటికి తీసింది. "పోయింది మాస్టారూ. వచ్చింది కూడా. నేను చెప్పలేదు."

టేపు వెనక్కి తిప్పి విన్నారు. పిప్ శబ్దాలు, దూరంగా కుక్క, భర్త దగ్గు. ఆమె గొంతు ఒక్కచోటా లేదు. పదకొండేళ్లలో ఒక్క సెకను తప్పని మనిషికి, తీరా అవసరమైనప్పుడు నోట మాట రాలేదు. సిగ్గుతో చచ్చిపోయినట్టయింది. "సుమారు ఐదు సెకన్లు ఉంటుంది. అలా రాసేయండి" అంది.

"సుమారు ఎలా రాస్తాను తల్లీ?" అన్నాడు మాస్టారు. కోపం లేదు ఆ మాటలో. కాగితం ఆమెకే ఇచ్చి చెప్పి రాయించాడు. నక్షత్రం మాయమైంది. తిరిగి కనిపించింది. సమయం నమోదు కాలేదు. పరిశీలకురాలు మాట్లాడలేదు. ఆఖరి వాక్యం రాసేటప్పుడు ఆమెకి కన్నీళ్లొచ్చాయి. మాస్టారు అది చూసి, "నా మొదటిసారి నేను కుర్చీమీదనుంచి పడ్డాను. అది కూడా రాశాను" అన్నాడు.

ఆ తర్వాత వానాకాలంలో మాస్టారు పోయాడు. ఆయన మేనకోడలు ఇల్లు ఖాళీ చేస్తూ కబురుపెట్టింది. గొట్టం, రేడియో, టేప్‌రికార్డరు హలో పిన్నికి ఇమ్మని కాగితం మీద రాసిపెట్టాడట. నోటుపుస్తకాలు వేరే ఊళ్లో ఒకాయనకి. తీసుకోవడానికి వెళ్తే, ముందుగదిలో పొట్టిగా, బట్టతలతో ఒక పెద్దమనిషి పుస్తకాలు సంచిలో సర్దుతున్నాడు. ఎవరో బంధువు అనుకుని ఆమె పక్కనుంచి వెళ్లిపోతోంది. ఆయన మేనకోడలితో, "ఆ దారం కాస్త ఇస్తారా అమ్మా" అన్నాడు.

ఆమె ఆగిపోయింది. "లైన్లోనే ఉన్నానండీ" అంది.

ఆయన చేతిలో సంచి జారింది. ఆ గొంతు మనిషి అయిదున్నర అడుగులు ఉంటుందని ఎప్పుడో లెక్కగట్టుకున్నాడట, ఎదురుగా ఉన్నావిడ తన చెవిదాకా కూడా రాకపోయేసరికి నమ్మలేకపోయాడు. ఆమె ఊహలో ఆయనకి ఒత్తైన జుట్టూ మీసాలూ ఉండేవి. కాసేపు ఇద్దరూ ఎటు చూడాలో తెలియక నేలచూపులు చూశారు. కళ్లు మూసుకుంటే మాటలు వస్తాయేమో అని ఆయన అంటే, నిజంగానే గోడవైపు తిరిగి మాట్లాడుకున్నారు. ఆ రోజు ఆయన ఆఖరి బస్సు తప్పిపోయి వాళ్లింట్లోనే భోజనం చేశాడు. టైలరు ఊరుకోకుండా ఆయనకో చొక్కాకి కొలతలు తీసుకున్నాడు. వెళ్లేటప్పటికి ఆపరేటర్ గారు చెల్లెమ్మ అయింది, ఆయన అన్నయ్యగారయ్యాడు.

గొట్టం తమ డాబా మీద పెట్టుకుని ఆమె ఒక్కతే చూడ్డం నేర్చుకుంది. పటంలో నక్షత్రాన్ని వెతకడానికే మొదట్లో వారాలు పట్టేది. మూడేళ్లలో పద్నాలుగుసార్లు కూర్చుంది. ఎనిమిదిసార్లు మబ్బు, ఆరుసార్లు "పోలేదు." పోలేదని రాసి పంపిన ప్రతిసారీ, అన్నయ్యగారికి తనే నంబరు తిప్పి చెప్పేది. ఆయనా చాలాసార్లు అదే చెప్పేవాడు.

పదిహేనోసారి సాయంత్రం ఏడూ నలభైకి. కింద గదిలో మిషను చప్పుడు ఆగింది. భర్త కావాలనే ఆపాడని ఆమెకి తెలుసు. రేడియో పిప్ అంటోంది. అంచనా వేసిన వేళ దాటినా నక్షత్రం వెలుగుతూనే ఉంది. ఒక సెకను, రెండు, మూడు. ఇది కూడా పోయేది కాదులే అనుకుంటుండగా ఆరిపోయింది.

"పోయింది" అంది హలో పిన్ని.

చీకటి. పెదాలు సిద్ధంగా పెట్టుకుంది.

"వచ్చింది."

టేపు మూడుసార్లు విని, నాలుగు సెకన్ల మీద రెండు పదోవంతులని తేల్చుకుని, కిందికి దిగింది. భర్త మిషను మీద మోచేతులు ఆనించి కూర్చున్నాడు. "విన్నాను. వీధి మొత్తం విని ఉంటుంది. పక్కింటాయన ఏం పోయిందని అడిగాడు కూడా. దొరికిందిలెండి అని చెప్పాను" అన్నాడు. ఆమె నవ్వి ఫోను దగ్గరికి వెళ్లింది. మాస్టారి ఇంటి నంబరు వేళ్లకి ఇంకా గుర్తుంది. అది ఇప్పుడు ఇంకెవరికో ఇచ్చేశారని, ఫిర్యాదుల కౌంటరులో కూర్చునే మనిషిగా అందరికంటే ఆమెకే బాగా తెలుసు.

అన్నయ్యగారి నంబరు తిప్పింది. ఆయన మొదటి రింగుకే ఎత్తాడు. వాళ్ల ఊళ్లో మబ్బు, ఏమీ చూడలేదు.

"పోయిందా చెల్లెమ్మా?"

"పోయింది. నాలుగు సెకన్లు. చెప్పాను కూడా."

అటువైపు కుర్చీ లాక్కున్న చప్పుడు వినపడింది. "షాపు మూసేశాను. తొందరేం లేదు. మొదట్నుంచీ చెప్పండి, డాబా ఎక్కినప్పట్నుంచీ" అన్నాడాయన.

ఆమె గుమ్మంలో గోడకి ఆనుకుని కూర్చుని, రిసీవరు చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, చెప్పడం మొదలుపెట్టింది.